చాకు జేబులకు ఎందుకొచ్చింది? తొవ్వను అడగాలె

శంషాబాద్‌ల రెండు తీర్ల చాకులు కనవడ్తయి. ఒకటి జామపండ్ల బండి మీద ఉంటది. పండు కోసి, ఉప్పుకారం అద్ది మన చేతుల పెడ్తరు. ఆ చాకును ఎవ్వరూ వింతగ చూడరు. రెండోది జేబుల ఉంటది. మడత చాకు. మడిస్తే అరచేయంత, తెరిస్తే జానెడు. బయటికి కనవడది గని, నమ్మకం ఉన్న మనిషి అడిగితే తీసి చూపిస్తరు. రోజూ సెల్‌ఫోన్, తాళాలు, పర్సు ఎట్ల పెట్టుకుంటరో, గట్లనే దాన్ని సుత పెట్టుకుంటరు.

ఎయిర్‌పోర్ట్ చుట్టుముట్టు కూలీలు, డ్రైవర్లు, క్లీనింగ్ పనిజేసే అక్కలు, గోదాముల పోరగాళ్ల నడుమ నేను తిరుగుత. ఇది ఎందుకు పెట్టుకుంటున్నవు అని అడిగితే మూడే జవాబులు వస్తయి. పనికి, షోకుకు, భయానికి. వస్తువు ఒక్కటే, దాని ఎనుక కథలు మూడు. మనం చేసే తప్పు ఏందంటే ఈ మూడిటిని ఒక్క గాటన కడ్తం. పోలీసులు సుత గట్లనే కడ్తరు. అందుకే విడదీసి మాట్లాడుకుందాం.

పని చాకు

శంషాబాద్ 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్నది. బెంగుళూరు పోయే లారీలన్నీ ఈ తొవ్వనే. లారీ నడిపేటాయనకు చాకు అంటే మూడో చెయ్యి. టార్పాలిన్ తాడు ముడి పడితే కోయాలె, రోడ్డు పక్కన వంట పెట్టుకుంటే ఉల్లిగడ్డ తరగాలె, పుచ్చకాయ దొరికితే పగలగొట్టకుంట కోసుకోవాలె. చిన్న చాకు ఎందుకు కొనవన్నా అని ఒక డ్రైవరన్నను అడిగిన. “చిన్నదైతే పిడి రెండేళ్లకే సరిపోతది. తాడు గట్టిగుంటే చెయ్యి జారుతది. పెద్దదైతే పిడికిలి నిండుతది” అన్నడు. పెద్ద చాకు ఇష్టపడుడుల ఇంత సక్కటి లెక్క ఉన్నది.

ఇంకో లెక్క సుత ఉన్నది. మడత చాకులల్ల లాక్ ఉన్నవి, లేనివి అని రెండు తీర్లు. లాక్ లేని చాకును గట్టిగ ఒత్తితే బ్లేడు ఎనుకకు మడిగి, పట్టుకున్నోని ఏళ్ల మీదనే పడ్తది. అందుకే బరువు పని చేసేటోళ్లు లాక్ ఉన్నదే కావాలంటరు. కార్గోల డబ్బాలు విప్పే పోరగాళ్లు మాత్రం మడత చాకు ముట్టరు. వాళ్లకు బ్లేడు విరిచి మార్చుకునే కట్టరే మేలు. గౌడన్న నడుముకు గీత కత్తి, రైతుకు కొడవలి, మంగలన్నకు కత్తి. ఎవ్వరి పనికి వాళ్ల పదును.

మన దగ్గర దసరాకు ఆయుధ పూజ చేస్తరు. పేరుకు ఆయుధం, పూజ మాత్రం లారీకి, నాగలికి, స్పానర్‌కు. పనిముట్టును, ఆయుధాన్ని ఒక్క పీట మీద పెట్టి బొట్టు పెట్టే జాతి మనది. వస్తువుల పాపం లేదు, పట్టుకున్న చేతి ఉద్దేశంల ఉంటదని మనోళ్లకు ఎప్పటి నుంచో ఎరుకే.

షోకు చాకు

రెండో జవాబు షోకు. దీనికి పాత చరిత్ర ఉన్నది. ఎయిర్‌పోర్ట్ నుంచి చాంద్రాయణగుట్ట దిక్కు పోతే బార్కస్ వస్తది. బ్యారక్స్ అనే మాటనే బార్కస్ అయ్యింది. నిజాం కొలువుల సిపాయిలుగ పని చేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఆడ ఉంటరు. వాళ్ల నడుముకు జంబియా ఉండేది. వంకర తిరిగిన బాకు, అది వాళ్ల ఇజ్జత్‌కు గుర్తు. ఇయ్యాల అది పెండ్లి బరాత్‌ల, మర్ఫా దెబ్బకు ఎగిరేటప్పుడు బయటికొస్తది. అంటే ఒక సమాజం తన ఆయుధాన్ని తానే పండుగకు మార్చుకున్నది. ఇది మనం మెచ్చుకోవాల్సిన ముచ్చట.

మడత చాకు షోకు మాత్రం రాంపూర్ నుంచి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌ల రాంపూర్ ఊరి చాకును హిందీ సినిమా విలన్ల చేతులకు ఇచ్చి దేశమంత తిప్పిండ్రు. తెరుచుకునేటప్పుడు వచ్చే టకటక సప్పుడే దానికి సగం పేరు తెచ్చింది. 1990లల్ల అక్కడి సర్కారు నాలుగున్నర అంగుళాల కంటే పొడుగు బ్లేడు చేయొద్దని కట్టడి పెట్టింది. చేసే కార్ఖానాలు ఎండిపోయినయి. మల్ల అదే సర్కారు కాలం మారినంక 2023ల ఆ ఊరి చౌరస్తాల 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టింది. చేసే కారీగర్‌కు పని పోయింది, చౌరస్తాకు బొమ్మ వచ్చింది.

ఇప్పుడు మన పోరగాళ్లకు షోకు ఫోన్‌ల నుంచి వస్తున్నది. అమెరికాల ‘ఎవ్రీడే క్యారీ’ అని ఒక అలవాటు ఉన్నది. రోజూ జేబుల ఏమేం పెట్టుకుంటరో టేబుల్ మీద పేర్చి ఫోటో తీస్తరు. ఆడ దానికి వేట, అడవి, తోటపని అన్న నేపథ్యం ఉన్నది. 1964ల వచ్చిన బక్ 110 అనే వేటగాళ్ల మడత చాకు ఆ దేశంల ఇంటింటి పేరు. మన తాన ఆ నేపథ్యం లేదు, ఫోటో మాత్రం వచ్చింది. పుట్టినరోజు కేకు తల్వార్‌తోని కోసి, రీల్ పెట్టి, తెల్లారి పోలీస్ స్టేషన్‌ల కూసునే పోరగాళ్ల వార్తలు మీరు సుత చదువుతున్నరు. వాళ్లను రౌడీలని అనుడు ఆసాన్. పద్దెనిమిదేండ్ల పోరనికి చేతుల పని లేకుంట, ఊరి భూమి మీద విమానాలు దిగుతుంటే, తానొక మనిషినని చూపించుకునేటందుకు జేబుల ఏదో ఒకటి కావాలె. ఎయిర్‌పోర్ట్‌కు 5 వేల పైచిలుకు ఎకరాలు పోయినయి. ఆ భూముల కాడి ఇంటి పోరనికి ఆడ ఏ కొలువు దొరికింది అని అడగకుంట, వాని చాకు ఒక్కటే గుంజుకుంటే ముచ్చట సగమే అయితది.

భయం చాకు

ఇగ మూడో జవాబు. నాకు నిద్ర పట్టనియ్యనిది ఇదే. రాత్రి డ్యూటీ దిగి సర్వీస్ రోడ్డు మీద నడిచి పోయే ఒక చెల్లె సంచిల టిఫిన్ డబ్బా, చున్నీ, దాని కింద మడత చాకు. “ఎప్పుడన్న వాడినవా బిడ్డా?” అంటే తల అడ్డంగ ఊపింది. “ఉన్నదంటే ధైర్యం అక్కా” అన్నది.

ఈ ధైర్యం కోసం వెతుకులాట ఏ రోజు నుంచి పెరిగిందో ఈ ఏరియాల ఎవరినైనా అడగండి, చెప్తరు. 2019 నవంబర్ 27. తొండుపల్లి టోల్ గేట్. పశువుల డాక్టరమ్మ, మనం దిశ అని పిలుచుకుంటున్న బిడ్డ, ఆ రాత్రి ఇంటికి రాలే. తెల్లారి షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లి వంతెన కింద దొరికింది. ఆ రాత్రి ఇంటోళ్లు ఫిర్యాదు పట్టుకొని పోతే, ఇది మా హద్దు కాదు, ఆ స్టేషన్‌కు పోండ్రి అన్న మాట వినవడ్డది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేసిండ్రు. చెల్లెకు కాకుంట 100కు ఫోన్ చేస్తే బతికేదని అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ అన్నరు. ఆర్టీసీల ఆడ ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వద్దని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పిండ్రు. డిసెంబర్ 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేసిండ్రు, జనం పూలు చల్లిండ్రు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేల బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చిండ్రని అందుల రాసింది.

ఆ డిసెంబర్‌లనే హైదరాబాద్ మెట్రోల ఆడోళ్లు పెప్పర్ స్ప్రే తీసుకపోవచ్చని అనుమతి ఇచ్చిండ్రు. మంచిదే అన్నరు అందరు. సంచిల చాకు పెట్టుకో బిడ్డా అని ఇండ్లల్ల తల్లులు చెప్పుడు సుత గప్పటి నుంచే ఎక్కువైంది.

ఇక్కడ ఆగి ఒక్క ముచ్చట చూడండి. హోంమంత్రి మాట, ముఖ్యమంత్రి మాట, మెట్రో అనుమతి, తల్లి జాగ్రత్త. వీటిల తల్లి ప్రేమ నిజమైంది. గని నాలుగూ ఒక్క దిక్కే చూపిస్తున్నయి. నువ్వు ఫోన్ చెయ్యాలె, నువ్వు రాత్రి పోవద్దు, నువ్వు స్ప్రే పట్టుకోవాలె, నువ్వు చాకు పెట్టుకోవాలె. బరువంత ఆ బిడ్డ సంచిలకే పోయింది. టోల్ గేట్ కాడ లారీలు రాత్రంత ఎందుకు ఆగి ఉన్నయి, గస్తీ బండి ఏడికి పోయింది, స్టేషన్ల హద్దు లొల్లి ఏంది అనే ప్రశ్నలు ఎనుకకు పోయినయి. ఆ సంచిల చాకు ఉంటే బతికేదా అని కొందరు ఇప్పటికీ అడుగుతరు. ఆ ప్రశ్న అడుగుడే అన్యాయం. నలుగురి నడుమ ఒక్కతె చిక్కినంక చాకు గురించి మాట్లాడుకునుడు అంటే, అంతకు ముందు జరగాల్సినయి ఏవీ జరగలే అని ఒప్పుకునుడే.

చాకు సంగతి సుత ఉన్నదున్నట్టు చెప్పాలె. సంచి అడుగున ఉన్న మడత చాకు తీసి, తెరిచి, పట్టుకునేటందుకు టైం కావాలె, రెండు చేతులు కావాలె. భయంతోని వణికే చేతికి అది అంత ఆసాన్ కాదు. ఎదుటోడు బలమైనోడైతే గుంజుకుంటడు. అప్పుడు ఆ చాకు ఎవ్వని దిక్కు తిరుగుతదో నేను చెప్పాల్సిన పని లేదు. పెద్దదైనకొద్ది ధైర్యం పెరిగినట్టు అనిపిస్తది, గుంజుకున్నోనికి సుత అది అంతే పెద్దగ పనికొస్తది.

చట్టం ఏం అంటున్నది?

చాకు పెట్టుకుంటే జైలేనా అని మస్తు మంది అడుగుతరు. ఉన్న చట్టం ఇట్లున్నది. ఆయుధాల చట్టం 1959ది. 2016ల వచ్చిన రూల్స్ ప్రకారం, బ్లేడు 9 అంగుళాల కంటే పొడుగు, లేకుంటే 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు పదునైన ఆయుధాల లెక్కకు వస్తయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, సైన్సుకు, పరిశ్రమకు చేసినవాటిని ఆ లెక్కల నుంచి తీసేసిండ్రు. ఇసొంటి ఆయుధాలకు సుత లైసెన్స్ కావాలంటే, ఆ ప్రాంతానికి సెక్షన్ 4 కింద నోటిఫికేషన్ ఉండాలె. ఢిల్లీల 1980 అక్టోబర్ 29న అసొంటి నోటిఫికేషన్ ఇచ్చి, బటన్ చాకులకు బ్లేడు హద్దును 7.62 సెంటీమీటర్ల పొడుగు, 1.72 సెంటీమీటర్ల వెడల్పుకు దించిండ్రు. అంటే ఒక్క దేశంలనే, ఒక్క చట్టం కిందనే కొలత మారుతది.

మన హైదరాబాద్‌ల ఇంకో ముచ్చట. నిజాం కాలపు సిటీ పోలీస్ చట్టం, ఫసలీ 1348ది, ఇప్పటికీ నడుస్తున్నది. ఇంగ్లీష్ లెక్కల అది 1938-39. పండుగలు, ఊరేగింపులు, ఎన్నికలు వస్తే కమిషనర్ ఆ చట్టం కింద కత్తులు, బల్లేలు పట్టుకొని తిరగొద్దని ఆర్డర్ తీస్తరు. అసొంటి రోజుల జేబుల చాకు దొరికితే కొలత అడగరు.

ఆత్మరక్షణ హక్కు సంగతి. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 34 నుంచి 44 దాక అది ఉన్నది. అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి అసొంటివి మీదికొస్తే ప్రాణం తీసేదాక పోయినా ఆ హక్కు వర్తిస్తదని 38వ సెక్షన్ చెప్తది. అవసరానికి మించి దెబ్బ కొట్టొద్దని 37 చెప్తది. చేతుల చాకు ఉన్నా, రాయి ఉన్నా, ఏమీ లేకున్నా ఆ హక్కు ఉంటది. అక్కచెల్లెండ్లకు నేను చెప్పేది ఇదే. హక్కు మీ ఒంటితోనే ఉన్నది, దానికోసం వస్తువు కొనాల్సిన పని లేదు.

బ్రిటన్ల ఒక పద్ధతి ఉన్నది. 1988 చట్టం ప్రకారం 3 అంగుళాల లోపల, లాక్ లేని మడత చాకు పెట్టుకోవచ్చు. అంతకు మించినా, లాక్ ఉన్నా, బయట పట్టుకొని తిరిగేటందుకు సరైన కారణం చూపించాలె. లండన్‌కు చదువుకు పోయే పిల్లల సూట్‌కేసుల పచ్చడి సీసాతోపాటు వంటింటి కత్తి పెట్టే తల్లిదండ్రులు ఇది యాది పెట్టుకోవాలె. చెక్-ఇన్ సామాన్ల పోతది, వంటింట్ల ఉంటది, రోడ్డు మీద మాత్రం జేబుల ఉండొద్దు. ఆ దేశంల కత్తిపోట్లు ఆగిపోయినయని నేను అంటలేను. గని “ఎందుకు పెట్టుకున్నవు?” అన్న ప్రశ్న చట్టంలనే ఉండుడు మంచిది. మన తాన ఆ ప్రశ్న కానిస్టేబుల్ మూడ్ మీద ఆధారపడ్తది. తనిఖీల లారీ డ్రైవర్ చాకు దొరికితే కేసు అంటరు, పైసలున్నోని కార్ల ఏమున్నదో చూడరు. పనిముట్టు ఉన్నోడు పేదోడైతే అది ఆయుధం అయితది. ఈ తేడా పోవాలె.

గేటు లోపల, గేటు బయట

ఎయిర్‌పోర్ట్ సంగతికి వద్దాం. 2008 మార్చిల బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు వచ్చినయి. ఇప్పుడు ఏడాదికి 2 కోట్ల మందికి పైన ఈ గేటు దాటుతున్నరు. సెక్యూరిటీ చెకింగ్ కాడ జేబు చాకు తీసి పక్కన పెట్టాల్సిందే. 1999 డిసెంబర్‌ల ఐసీ 814 విమానం హైజాక్ అయినప్పుడు లోపల ఒక ప్రయాణికున్ని పొడిచి చంపిండ్రు. 2001 సెప్టెంబర్ 11న అమెరికాల డబ్బాలు కోసే చిన్న బ్లేడ్లతోని ఎంత ఘోరం చేసిండ్రో లోకం చూసింది. 2013ల అమెరికా 6 సెంటీమీటర్ల చిన్న చాకులను మల్ల విమానంలకు రానిద్దామని చూస్తే, విమాన సిబ్బంది లొల్లి చేసి మూడు నెలలల్లనే ఆపించిండ్రు. మన దేశంల 2022 నుంచి సిక్కు ప్రయాణికులకు దేశం లోపలి విమానాలల్ల 6 అంగుళాల బ్లేడు దాటని కిర్పాన్‌కు అనుమతి ఇచ్చిండ్రు. అది మత హక్కు, రాజ్యాంగం 25వ ఆర్టికల్‌లనే ఉన్నది.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఆ గేటు లోపల ఇంతమంది చాకు లేకుంట గంటల తరబడి కూసుంటరు. అర్ధరాత్రి ఒంటరి ఆడపిల్ల సుత కుర్చీల నిద్రపోతది. ఎవ్వరికీ చాకు యాదికి రాదు. ఎందుకు? లోపల దీపాలున్నయి, మనుషులు తిరుగుతుంటరు, బాత్రూంలు పక్కనే ఉన్నయి, సీఐఎస్ఎఫ్ జవాన్లున్నరు, పిలిస్తే పలికేటోళ్లున్నరు. అదే బాత్రూం కడిగి, అదే కుర్చీ తుడిచిన చెల్లె డ్యూటీ దిగి గేటు దాటిందంటే, సంచిల చాకు తడుముకుంటది. మనిషి అదే, రాత్రి అదే. మారింది తొవ్వ ఒక్కటే.

అంటే భయం లేకుంట చేసుడు మనకు చేతనైతది. టికెట్ కొన్నోళ్ల కోసం చేసి చూపించినం. కూలీ నాలి చేసేటోళ్ల కోసం చేయలే, అంతే.

ఇది ఇప్పుడే ఎందుకు మాట్లాడాలంటే, 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. ఆడోళ్లు ఒప్పుకుంటే రాత్రి 7 తర్వాత, పొద్దున 6 లోపల సుత పనికి పెట్టుకోవచ్చు, భద్రత షరతులు పాటించాలె అని అందుల ఉన్నది. రాత్రి పని హక్కు ఆడోళ్లకు రావాల్సిందే. ఇంట్ల కూసోమనుడు భద్రత కాదు. గని కాగితం మీది షరతు కంపెనీ గేటు కాడనే ఆగొద్దు, ఆ అక్క ఇంటి గడప దాక రావాలె. కాంట్రాక్టర్ కింద ఇంకో కాంట్రాక్టర్ ఉన్న తాన, ఆ కారు ఎవ్వరు పెట్టాలె అంటే ఒకల మీద ఒకలు చెప్పుకుంటరు. ఆడోళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబర్ నుంచి ఉన్నది, సంతోషం. అది ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల. ఎయిర్‌పోర్ట్ లోపలికి తిరిగే పుష్పక్ అందుల లేదు. విమానం ఎక్కేటోళ్లకు పుష్పక్, విమానం కడిగేటోళ్లకు నడక.

షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నయి, 2024ల టీ-సేఫ్ వచ్చింది. వాటిని నేను తక్కువ చేస్తలేను, వాడుకోండ్రి. గని అవి పిలిస్తే వచ్చేవి. పిలిచే అవసరం రాకుంట చేసేది దీపం, బస్సు, మనుషుల తిరుగుడు.

అందుకే అడిగేటివి నాలుగే. ఎయిర్‌పోర్ట్ నుంచి తొండుపల్లి, శంషాబాద్ ఊరి దాక సర్వీస్ రోడ్లకు రాత్రంత వెలుగు. షిఫ్ట్ మారే టైంకు ఆర్డినరీ బస్సు. రాత్రి పని చేయించుకునే అసలు కంపెనీనే ఇంటి దాక బండి పెట్టాలె, కాంట్రాక్టర్ మీదికి నూకొద్దు. ఏ స్టేషన్‌కు పోయినా హద్దు మాట లేకుంట ఫిర్యాదు రాసుకోవాలె, జీరో ఎఫ్ఐఆర్ అనేది బోర్డు మీద కాకుంట బల్ల మీద కనవడాలె.

పని చాకును పనిముట్టుగ గౌరవించాలె. షోకు చాకు పట్టుకున్న పోరనికి పని చూపించాలె. భయం చాకు విషయంల మాత్రం ఆ చెల్లె సంచి వెతుకుడు ఆపి, ఆమె నడిచే తొవ్వను వెతకాలె. ఆ తొవ్వ మీద దీపం వెలిగిన రోజు, సంచిల చాకు తీసి వంటింట్ల పెట్టేది ఆమెనే. ఎవ్వరూ చెప్పాల్సిన పని ఉండది.